ఆ ఆల్దో ఎవరి తరఫున? నీ వరద వ్యాసం చదివాక

అమ్మాయీ,

గోదారి లంకల్లో వరద రోజుల గురించి నువ్వు రాసిన ఇంగ్లీషు వ్యాసం చదివాను. విషయం బాగుంది, ఏటిగట్టు మీద పశువుల్ని కట్టేసిన భాగం మరీ బాగుంది, స్పెల్లింగుల జోలికి నేను పోలేదు, అవి కంప్యూటరే దిద్దుకుంటుంది. నాకు అడుగడుగునా అడ్డం పడ్డవి ఆల్దో, బట్, హౌయెవర్, ఈవెన్, ఓన్లీ, వెరీ లాంటి చిన్న మాటలు. పేజీ నిండా అవే, సగం చోట్ల ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. స్కూల్లో టెన్సులూ ఆర్టికల్సూ అయ్యేసరికి పరీక్షలొచ్చేస్తాయి కాబట్టి వీటిని ఎవరూ సరిగ్గా చెప్పరు, రాసేవాళ్ల బండారం బయటపెట్టేవి మాత్రం ఇవే.

ముందు తేలికైనవి. 'ఆల్దో ద రివర్ వాజ్ రైజింగ్, బట్ పీపుల్ డిడ్ నాట్ లీవ్' అని రాశావు. 'గోదారి పెరుగుతున్నా కానీ జనం కదల్లేదు' అని మనం హాయిగా అనేస్తాం, ఎవరికీ తప్పనిపించదు. ఇంగ్లీషులో ఆల్దో వచ్చిన వాక్యంలో బట్ అక్కర్లేదు, ఆ రెండిట్లో ఏదో ఒకటి ఉంచు. డిస్పైట్ పక్కన ఆఫ్ పెట్టకు, ఆఫ్ వచ్చేది ఇన్ స్పైట్ పక్కన. 'డిస్పైట్ ద ఫ్లడ్', 'డిస్పైట్ లూజింగ్ ద క్రాప్' అనొచ్చు గానీ 'డిస్పైట్ ద ఫ్లడ్ కేమ్' అనకూడదు, అక్కడ కావలసింది ఆల్దో. ఇవి నాలుగు రోజులు రాస్తే చేతికి వచ్చేస్తాయి, వదిలెయ్.

ఈవెన్ ఇఫ్, ఈవెన్ దో దగ్గర కాసేపు ఆగాలి. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులు చేరితే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది, ఇది లంకల్లో చిన్నపిల్లలకి కూడా కంఠతా వచ్చు. నువ్వు 2022 జూలై గురించి చెబుతూ 'ఈవెన్ ఇఫ్ ద థర్డ్ వార్నింగ్ వాజ్ ఇష్యూడ్, మై గ్రాండ్‌మదర్ స్టేడ్' అన్నావు. బయటివాడు చదివితే మూడో హెచ్చరిక వచ్చిందో రాలేదో తేల్చుకోలేడు. వచ్చింది కదా, జరిగిపోయిన సంగతి కదా, అయితే ఈవెన్ దో అను. మొదటి హెచ్చరిక రోజునే మీ నాయనమ్మ అరుగు మీద కూర్చుని 'మూడోది ఇచ్చినా నేను కదలను' అందనుకో, ఇంకా ఇవ్వలేదు, ఇస్తారో లేదో తెలియదు, అది ఈవెన్ ఇఫ్. మనకి రెండు చోట్లా 'ఇచ్చినా' ఒక్కటే సరిపోతుంది, వెనకాల వచ్చే క్రియ మిగతాది చెప్పేస్తుంది. అందుకే ఈ తేడా మన చెవికి తట్టదు, పనిగట్టుకుని చూసుకోవాలి.

ఓన్లీ సంగతి ఇంకా గమ్మత్తు. మనకి నొక్కి చెప్పాలంటే ఆ మాట చివర ఏత్వం తగిలిస్తే చాలు, వాక్యంలో అది ఎక్కడున్నా ఫరవాలేదు. ఇంగ్లీషులో ఆ పని చాలావరకు చోటు చేస్తుంది. 'ఓన్లీ మై అంకుల్ సోల్డ్ పులస ఇన్ యానాం' అంటే అమ్మినవాడు మామయ్య ఒక్కడే. ఓన్లీని పులస ముందుకు జరుపు, ఇక ఆయన చందువా, కొరమేను ముట్టుకోలేదని అర్థం. ఇన్ యానాం ముందు పెట్టావా, రాజమండ్రిలోనూ రావులపాలెంలోనూ అమ్మలేదన్నమాట. నువ్వు దాన్ని అన్నిచోట్లా వాక్యం చివర పడేశావు, 'వియ్ ఆర్ ఫ్రమ్ రాజోల్ ఓన్లీ' అన్నట్టు. మనవాళ్లు మాట్లాడేది అలాగే, దానికి సిగ్గుపడాల్సిందేమీ లేదు, మీ బాబాయి మాటల్లో దాన్ని అలాగే ఉంచు, దిద్దితే ఆయన ఆయనలా ఉండడు. కథ చెబుతున్నది నువ్వైనప్పుడు మాత్రం ఏ మాట బరువెక్కాలో చూసుకుని దాని ముందు పెట్టు.

ఇప్పటిదాకా చెప్పినవి గ్రామర్ పుస్తకంలోనూ దొరుకుతాయి. నేను ఈ ఉత్తరం రాయడానికి కూర్చున్నది దీనికోసం. మీ రేవులో పంటు నడిపే ఆయన గురించి 'ఆల్దో హీ వాజ్ ఏ బోట్‌మన్, హీ న్యూ ఇంగ్లీష్' అని రాశావు. గ్రామర్‌లో ఒక్క తప్పు లేదు. కానీ పంటు నడిపేవాడికి ఇంగ్లీషు రాకూడదని ఎవరన్నారు? ఆయన అనలేదు, ఊరు అనలేదు, నువ్వన్నావు, ఆ ఆల్దోతో. ఆ మాట వాడినప్పుడల్లా మొదటి సగం చూసి రెండో సగం ఎవరూ ఊహించరని నువ్వు చదివేవాళ్లకి చెబుతున్నావు, కాబట్టి ఆ ఊహ ఎవరిదో నీకు తెలిసుండాలి. యానాం 1954 దాకా ఫ్రెంచివాళ్ల కింద ఉంది. అక్కడి ముసలాయన ఒకడు రెండు ఫ్రెంచి ముక్కలు మాట్లాడితే ఢిల్లీలో చదివేవాడికి వింత, ఏటికి ఇవతల పుట్టిన నీకు కాదు. నువ్వు ఢిల్లీవాడి కళ్లతో మీ ఊరిని చూస్తూ ఆల్దో పెడుతున్నావేమో అని నా అనుమానం. ఈవెన్ కూడా అలాంటిదే. 'ఈవెన్ విమెన్ స్పోక్ ఎట్ ద మీటింగ్' అన్నావు. ఆ ఈవెన్ తీసేసి చదువు. ఆడవాళ్లు మాట్లాడారు, ఏం మాట్లాడారో తర్వాతి వాక్యంలో చెప్పు, అంతే కదా కావలసింది.

బట్ అయితే తనకంటే ముందు చెప్పినదాన్ని తేలిక చేసి తర్వాత చెప్పినదాన్ని బరువు చేస్తుంది, ఇది తెలుగులోనూ అంతే. 'ఇల్లు పాతది కానీ గట్టిది' అంటే కొనుక్కోవచ్చు, 'గట్టిది కానీ పాతది' అంటే బేరం ఆడుతున్నారు. నీ వ్యాసంలో, ధవళేశ్వరం దగ్గర 2022లో వరద 25 లక్షల క్యూసెక్కులు దాటింది, బట్ 1986లో 35 లక్షలు దాటింది అన్నావు. చదివినవాడు ఓహో, ఇది పెద్దదేం కాదన్నమాట అని ఊపిరి పీల్చుకుంటాడు. నువ్వు చెప్పదలుచుకున్నది అది కాదుగా, మీ ఇంట్లోకి నీళ్లొచ్చాయి. అంకెలు అవే ఉంచి వరస మార్చు.

ఆన్ ద కాంట్రరీని ఊరికే 'మరోవైపు' అనే అర్థంలో వాడేశావు. కొబ్బరి ధర పడింది, అరటి ధర లేచింది అనడానికి వేరాజ్ చాలు, లేదంటే ఆన్ ది అదర్ హ్యాండ్. కాంట్రరీ ఒక మాటని కొట్టిపారేసేటప్పుడు వస్తుంది. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు క్రాప్ హాలిడే అని ప్రకటించి పంట వెయ్యడం మానేసింది బద్ధకంతో కాదు, ఆన్ ద కాంట్రరీ, అది నిరసన. అలాగన్నమాట. హౌయెవర్‌తో రెండు పూర్తి వాక్యాల్ని కామా పెట్టి అతికించకు, ముందు ఫుల్‌స్టాపో సెమీకోలనో పెట్టు, దాని తర్వాత కామా. నన్నడిగితే సగం హౌయెవర్లు బట్ చేసేయ్, బట్‌తో వాక్యం మొదలెట్టకూడదని ఎవరైనా అంటే నవ్వేసి ఊరుకో.

వెరీ వెరీలు కొట్టేయ్. వెరీ బెటర్ అనే మాట లేదు, మచ్ బెటర్ అనాలి. ఆత్రేయపురం పూతరేకు 'టూ స్వీట్' అన్నావు, అది పొగడ్త కాదు, తీపి ఎక్కువై తినలేకపోయానని ఫిర్యాదు.

ఒకచోట 'ది ఆఫీసర్స్ డిడ్ కమ్' అని రాశావు. ఉత్త కేమ్ చాలు కదా అని ఎవరైనా దిద్దబోతే ఒప్పుకోకు. అధికారులు రాలేదని ఊళ్లో అందరూ అంటున్నట్టు పై పేరాలో చెప్పావు, ఆ డిడ్ వాళ్లకి జవాబు. దాన్ని అలాగే ఉంచి, మిగతావి చూసుకుని నెలాఖరులోగా పంపు. నేను ఊళ్లోనే ఉంటాను, ఏ వాక్యమైనా తేలకపోతే సాయంత్రం పూట ఫోన్ చెయ్.

ఉంటాను మరి.