చీటీ లేకుండా అమ్మిన క్రీము, ముదిరిన తామర

ప్రశ్న: బుగ్గలు ఎర్రబడితే మా వీధి మెడికల్ షాపతను డాక్టరు చీటీ అడక్కుండానే ఒక క్రీము ఇచ్చాడు. రాస్తే తగ్గేది, మానితే రెట్టింపయ్యేది. మొదటి ట్యూబు కొని ఏడాదిన్నర అయింది. అది తామర అనీ, క్రీములోని స్టెరాయిడ్ వల్ల ముదిరిందనీ ఇప్పుడు చర్మవ్యాధుల డాక్టరు చెప్పారు. కుదిరిన పెళ్లి సంబంధం తప్పిపోయింది. బిల్లుల్లేవు. ఆ షాపులో పని మానేసిన కుర్రాడు పాత తేదీతో బిల్లు రాసిస్తానంటున్నాడు. కేసు వేయొచ్చా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: వేయొచ్చు. కానీ మీ ఉత్తరంలో పెళ్లి గురించి ఒకటిన్నర పేజీ ఉంది, క్రీము కొన్న సంగతి రెండే ముక్కలు. కేసు నిలిచేది ఆ రెండు ముక్కల మీదే. స్టెరాయిడ్ క్రీములు షెడ్యూల్ హెచ్ మందులు, అంటే డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాల్సినవి. చీటీ లేకుండా అమ్మడం డ్రగ్స్ రూల్స్ 65వ నియమానికి విరుద్ధం. కాబట్టి షాపతను ‘చీటీ అక్కర్లేదు’ అని వాదించడు, ‘నేను అమ్మనే లేదు’ అంటాడు. అప్పుడేం చూపిస్తారు?

ఏడాదికి పైగా కొంటూ ఒక్క బిల్లూ అడక్కపోవడం మీ నిర్లక్ష్యమే. అలాగని ఆ కుర్రాడి బిల్లు మాత్రం ముట్టుకోకండి. షాపు బిల్లు పుస్తకంలో ఆ నంబరు వేరొకరి పేరున ఉంటే మీ కేసు అక్కడే పోతుంది, ఫోర్జరీ కేసు మీ మెడకు చుట్టుకుంటుంది.

ఫోన్‌పేలో కట్టానని ఒకచోట రాశారు. మీ అసలు సాక్ష్యం అదే. స్క్రీన్‌షాట్లతో సరిపెట్టుకోకుండా బ్యాంకు స్టేట్‌మెంట్ తీసుకోండి. కట్టిన మొత్తం ట్యూబు మీది ధరతో సరిపోతే బలం. మిగిలిన సగం ట్యూబును తోక కత్తిరించి పిండేయకండి. బ్యాచ్ నంబరు, గడువు తేదీ సాధారణంగా ఆ మడత మీదే అచ్చు వేసి ఉంటాయి.

ముఖం ఎర్రబడటానికి రోజేసియా అనే చర్మవ్యాధి, ఎండ, అలర్జీ, ఇలా కారణాలు బోలెడు. అవతలి వకీలు ముందు వాటినే ఎత్తుతాడు. కాబట్టి చర్మం గీరి ఫంగస్ ఉందో లేదో చూసే కేఓహెచ్ పరీక్ష రిపోర్టు ఉంటే జాగ్రత్త చేయండి. స్టెరాయిడ్ ఎరుపును అణిచి ఫంగస్‌ను పెరగనిచ్చిందని డాక్టరు చేత తేదీ వేయించి రాయించుకోండి. నోటిమాట చెల్లదు.

వినియోగదారుల చట్టం 69వ సెక్షన్ ప్రకారం కేసు వేయడానికి గడువు రెండేళ్లు. డాక్టరు చెప్పిన రోజు నుంచి లెక్కించాలని వాదించొచ్చు గానీ దాన్ని నమ్ముకోవద్దు. మొదటి ట్యూబు నుంచి లెక్కేసుకుంటే మీకున్నది ఆరు నెలలే.

ముందు డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి రసీదు తీసుకోండి. ఆయన తనిఖీ చేస్తే ఆ నివేదిక మీకు పనికొస్తుంది. తర్వాత మీ జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయండి. మీరు కొన్న సరుకు విలువ 5 లక్షల లోపే కాబట్టి ఫీజు లేదు. చికిత్స ఖర్చులు, పడ్డ బాధకు పరిహారం అడగండి. తప్పిన సంబంధానికి లక్షలు అడిగితే రుజువు చేయలేరు.