వైరింగ్ రోజున మట్టి మూట విప్పకు

చిట్టీ,

నీ ఫోన్ పెట్టేసిన దగ్గర్నుంచీ అదే ఆలోచన. సోమవారం మీ మల్లేశ్వరం ఇంట్లో వైరింగ్ పని మొదలు, వరండాలో పిడులు పెట్టాల్సిన పచ్చి మట్టి కప్పులు పదహారు, కొత్త కిల్న్‌కి, అదే మట్టి కాల్చే కరెంటు బట్టీకి, ఇంకా అట్టపెట్టె కూడా విప్పలేదు. "ఎలాగూ కరెంటు ఉండదు కదా పెద్దమ్మా, సారె తిరగదు, ఓ మూల కూర్చుని చేత్తో గిన్నెలు చేసుకుంటా" అన్నావు. ఆ ఒక్క మాటకే ఈ ఉత్తరం. కరెంటు లేకపోతే నీకొచ్చే నష్టమేమీ లేదు. గోడ కొడతారు చూడు, నష్టమంతా అక్కడుంది.

తొమ్మిదేళ్ల కిందట నేనూ నీలాగే అనుకున్నా. ఇదే ధనుర్మాసం. మా బసవనగుడి ఇల్లు కూడా పాతదే, సున్నం గోడలు. నడవలో వైరింగ్ అబ్బాయి కటింగ్ మెషిన్‌తో గాడి కొడుతుంటే, ఆరడుగుల దూరంలో నేను మట్టి సంచి మూతి తెరిచి పెట్టుకుని దర్జాగా కప్పులు ఒత్తుతున్నా. సాయంత్రానికి మట్టి మీద తెల్లటి పొడి. తడిచేత్తో తుడిచేసి, పిసికేసి, మిగతావీ చేసేశా. 24 కప్పులు. 1000 డిగ్రీలకు బిస్క్, అంటే పూత వేయకముందు మొదటి కాల్పు, కాల్చాను, ఒక్కటీ పగల్లేదు. మీ పెదనాన్నకు చూపించి మురిసిపోయాను కూడా.

వారం తర్వాత ఒక రాత్రి అలమరలోంచి చిన్న టిక్ శబ్దం. బల్లి అనుకున్నా. పొద్దున చూస్తే ఒక కప్పు పొట్ట మీద బొట్టుబిళ్లంత పెచ్చు ఊడి పడి ఉంది. గుంట నడిమధ్యలో ఆవగింజంత తెల్లటి చుక్క. ఆ నెలాఖరుకి తొమ్మిది కప్పులు అలాగే పోయాయి.

అదేమిటో నీకు తెలియాలి. గోడలోంచి రాలిన సున్నం పలుకు మట్టిలో కలిసిపోతే కంటికి కనిపించదు. మంటలో అది పొడిసున్నం అవుతుంది. బయటికొచ్చాక గాల్లోని తేమను నెమ్మదిగా పీల్చుకుని ఉబ్బుతుంది. చిన్నప్పుడు సంక్రాంతికి వెల్ల వేయడానికి మీ తాతగారు తొట్టిలో సున్నపురాళ్లు తడిపేవారు గుర్తుందా, బుసబుసా ఉడికి పొంగేవి? అదే పని కప్పు గోడ లోపల జరుగుతుంది. చోటు చాలక పెచ్చును తన్ని బయటికొస్తుంది. సీలింగ్‌కి వాడిన ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పలుకులు పడినా ఇదే గతి. కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు అని ఊరికే అన్నారా!

కాబట్టి ఆదివారం రాత్రే మట్టి సంచులన్నీ బిగించి కట్టి, మూత ఉన్న డ్రమ్ములో పెట్టెయ్. మట్టి ముక్కలు నానబెట్టిన బకెట్టు మర్చిపోతావు, ముందు దాని మీద మూత పెట్టు. కప్పులకు పూసే గ్లేజ్, అదే మెరుపు పూత, డబ్బాలు కూడా. వైరు తొడుగు ఒలిచేటప్పుడు సన్నటి రాగి పోగులు ఎగిరిపడతాయి. తెల్ల గ్లేజ్‌లో ఒకటి పడితే చాలు, కాల్చాక ఆకుపచ్చ మచ్చ తేలుతుంది. తర్వాత జల్లెడలో వడకట్టొచ్చులే అని మూత తీసి ఉంచకు.

ఇక ఆ పదహారు కప్పులు. బెంగళూరు చలి తడిగా ఉంటుందనుకుంటాం, పొద్దున పూట మంచు చూసి. మధ్యాహ్నానికి గాలి పొడి. పైగా పనివాళ్లు వస్తే తలుపులన్నీ బార్లా. ఆ గాలికి అంచు ముందు ఆరిపోయి, అడుగు పచ్చిగా ఉండిపోతుంది. అప్పుడు పిడి అతికిస్తే అతుకు దగ్గర చీలిక ఖాయం. ఆదివారమే పిడులు పెట్టెయ్. కుదరకపోతే పాత నూలుచీర తడిపి, గట్టిగా పిండి, కప్పుల మీద కప్పి, పైన ప్లాస్టిక్ కవరు వేసి పక్కగదిలో పెట్టి తలుపు మూసెయ్. గుమ్మం కింద తడిగుడ్డ తోసెయ్. మూడు రోజులైనా లెదర్ హార్డ్‌గానే, అంటే తోలులా సగం ఆరి అతుకు పట్టేలాగే, ఉంటాయి. మన ఎలక్ట్రీషియన్ కన్నడంలో "నాళె బర్తీని మేడమ్", రేపొస్తా అని, అంటే ఆ నాళె ఎప్పుడో ఆయనకే తెలియదు, అందుకని మూడు రోజులన్నాను.

ఆ రోజు నీ పని మట్టితో కాదు, ఆయనతో. పక్కనే నిలబడు. నీ కిల్న్ 6 కిలోవాట్లు అన్నావు. 230 వోల్టుల మీద 26 ఆంపియర్లు లాగుతుంది, అదీ గీజర్‌లా పది నిమిషాలు కాదు, ఎనిమిది పది గంటలు. "గీజర్ పాయింట్ ఉంది కదా, దాంట్లోంచి లాగేస్తా" అంటే ఒప్పుకోకు. అది 16 ఆంపియర్లది. మెయిన్ బోర్డు నుంచి నేరుగా వేరే లైను, దానికి సొంత ఎంసీబీ (లోడ్ ఎక్కువైతే కరెంటు ఆపే స్విచ్), రాగి వైరు 6 చదరపు మిల్లీమీటర్లకు తగ్గకుండా, దూరం ఎక్కువైతే 10. కిల్న్‌తో వచ్చిన కాగితం ఆయన చేతిలో పెట్టు, అందులో ఉన్నదే వెయ్యమను. కరెంటు బిల్లు మీద శాంక్షన్డ్ లోడ్, అంటే మీ ఇంటికి అనుమతించిన వాడకం, ఎంతో చూడు. 3 కిలోవాట్లే ఉంటే ముందు మన కరెంటు కంపెనీ బెస్కామ్‌లో పెంచుకోవాలి. ఎర్తింగ్ కొత్తగా చేయించు. పాత ఇళ్లలో గోడలో ఎర్త్ వైరు ఉంటుంది, అది భూమిదాకా వెళ్లిందో లేదో దేవుడికెరుక.

ఇంకొకటి. కొత్త కిల్న్ ఇటుకలు తేమ పట్టి ఉంటాయి. మొదటిసారి వేడి చేస్తే ఆర్‌సీసీబీ, అదే కరెంటు లీకైతే లైను ఆపేసే స్విచ్, టక్కున పడిపోవచ్చు. ఎలక్ట్రీషియన్ వెంటనే "ఇది తీసేద్దాం, తలనొప్పి" అంటాడు. నాకు ముగ్గురు అన్నారు. తీయనివ్వకు, నీ ప్రాణం కాచేది అదే. మూత కొంచెం ఎత్తి, ఖాళీ కిల్న్‌ని 100 డిగ్రీల దగ్గర రెండు మూడు గంటలు ఉంచితే తేమ పోతుంది. ఆరాక కూడా పడుతుంటే లీకేజ్ ఎక్కడో వెతకమను. కిల్న్ గోడకు అడుగున్నర ఎడంగా ఉండాలి. ఇల్లు ఇరుకని అల్లుడు దాన్ని వెనక్కి నెట్టేస్తాడు, చూసుకో.

పని అయ్యాక చీపురు పట్టకు. ఊడిస్తే ఆ దుమ్మంతా మళ్లీ లేచి నీ ఊపిరితిత్తుల్లోకీ, నీ మట్టిలోకీ చేరుతుంది. రెండుసార్లు తడిగుడ్డ పెట్టు. మర్నాడు పొద్దున అరచేత్తో బల్ల రుద్ది చూడు. తెల్లగా అంటితే మళ్లీ తుడువు. అంటకపోతేనే మూట విప్పు.

సోమవారం పొద్దున నేనూ వస్తున్నా. గాంధీ బజార్‌లో మంచి వాసనున్న అనప చిక్కుడుకాయలు దిగాయి, రెండు కిలోలు తెస్తా. నీకు చేతులు ఊరుకోవు కదా, వెనక మెట్ల మీద కూర్చుని పప్పు పితుకుదువుగాని. అక్కణ్ణుంచి మెయిన్ బోర్డు కూడా కనిపిస్తుంది.

మీ పెద్దమ్మ