రిపేరు చేయించిన లారీ వారంలోపే ఆగిపోయింది, షెడ్డు మీద కేసు వేయొచ్చా?

ప్రశ్న: నాది పాత లారీ. నేనే నడుపుకుంటాను, ఒక క్లీనర్ ఉన్నాడు. థర్మోస్టాట్ హౌసింగ్ (ఇంజిన్ నీళ్ల వేడిని అదుపు చేసే థర్మోస్టాట్ ఉండే డబ్బా) దగ్గర నీళ్లు కారుతుంటే విజయవాడ ఆటోనగర్‌లో ఒక షెడ్డులో చూపించాను. గ్యాస్కెట్ (అతుకు మధ్య పెట్టే ప్యాకింగ్) మార్చి, లీకు ఆపే సీలెంట్ పూసి 6,500 తీసుకున్నారు. వారం తిరక్కుండా హైదరాబాద్ లోడుతో వెళ్తుంటే సూర్యాపేట దాటాక నీళ్లన్నీ పోయి, ఇంజిన్ వేడెక్కి హెడ్ (ఇంజిన్ పైభాగం) పోయింది. బండిని లాగించుకుని అదే షెడ్డుకి తెచ్చాను. "పాత బండి, బిల్లు మీద గ్యారంటీ లేదని రాశాంగా" అంటున్నారు. 90 వేలు ఇస్తే చేస్తారట, లేకపోతే పార్కింగ్ కట్టి తీసుకెళ్లమంటున్నారు. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, గుంటూరు జిల్లా

జవాబు: ముందు ఒక్క పని చేయండి, ఆ ఇంజిన్‌ని ఎవరినీ విప్పనివ్వకండి. మీ కేసంతా ఆ హౌసింగ్ అతుకు దగ్గరే ఉంది. అది సాధారణంగా అల్యూమినియంది, కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) లేకుండా ఏళ్ల తరబడి బోరు నీళ్లు పోస్తే మూతి, అంటే గ్యాస్కెట్ కూర్చునే అంచు, తినేసి గుంటలు పడుతుంది, లేదా వంకర పోతుంది, అలాంటిదాని మీద కొత్త గ్యాస్కెట్ వేసి ఎంత సీలెంట్ పూసినా నిలవదు. మూతికి స్కేలు పెట్టి చూసి చదును చేయించాలి, లేదంటే హౌసింగే మార్చాలి. నీళ్లు మళ్లీ అదే అతుకులోంచి పోయి ఉంటే తప్పు షెడ్డు వాళ్లదని గట్టిగా అడగొచ్చు. అలా కాకుండా రేడియేటర్ గొట్టం పగిలిందో, వాటర్ పంపు పోయిందో తేలితే ఆ 6,500 పనికీ దీనికీ లింకు తెగిపోతుంది. అందుకే విప్పకముందే ఫోటోలు, వీడియో తీసుకోండి. లైసెన్సు ఉన్న మోటారు సర్వేయరుతోనో, సంబంధం లేని ఇంకో మెకానిక్‌తోనో కారణం రాయించుకుని సంతకం పెట్టించండి. తీసిన పాత సామాను పారేయొద్దు.

ఇప్పుడు చట్టం. 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 2(7) ప్రకారం వ్యాపారం కోసం సేవ తీసుకున్నవాళ్లు వినియోగదారులు కారు. లారీ అనగానే అవతలి లాయరు మొదట పట్టుకునేది ఇదే. కానీ 1995లో లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు, బతుకుదెరువు కోసం లారీ కొని తనే నడుపుకునేవాడు వినియోగదారుడే అంది, సాయానికి ఒకరిద్దరిని పెట్టుకున్నా పర్వాలేదంది, కాబట్టి మీ క్లీనర్ గురించి టెన్షన్ అక్కర్లేదు. ఒక చిక్కు మాత్రం ఉంది. పాత చట్టంలో ఈ మినహాయింపు సేవలకు కూడా స్పష్టంగా రాసి ఉండేది, కొత్త చట్టం వివరణలో సరుకుల మాటే మిగిలింది. వాదించడానికి బలం మీ వైపే ఎక్కువని నా అభిప్రాయం, అయినా ఈ ప్రశ్న వస్తుందని సిద్ధంగా ఉండండి. మీకు ఈ ఒక్క బండే ఉందని, డ్రైవర్ మీరేనని ఫిర్యాదులో మొదటి పేరాలోనే రాయండి. మూడు నాలుగు లారీలు, జీతం డ్రైవర్లు ఉంటే సివిల్ కోర్టుకు వెళ్లమనేవాణ్ణి.

గ్యారంటీ లేదని బిల్లు మీద రాసుకున్నంత మాత్రాన పని చెడగొట్టినా చెల్లుతుందని కాదు. పని సరిగా చేయకపోవడం సేవలో లోపం, దాన్ని ఆ ఒక్క లైను కప్పేయలేదు.

మీ వైపు కూడా ఒక ప్రశ్న ఉంది, నిజం చెప్పండి: టెంపరేచర్ ముల్లు ఎర్రగీత దాటాక ఎంత దూరం నడిపారు? నష్టం పెరగకుండా చూసుకోవాల్సిన బాధ్యత మీది కూడా. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 73 ఆ లెక్క చూస్తుంది. వెంటనే పక్కకి ఆపి ఉంటే హెడ్డు ఖర్చు, లాగించిన ఖర్చు, ఆగిపోయిన కిరాయిలు అడగండి. కిరాయిలకు పాత బిల్టీలు (లోడు రసీదులు) జతచేయాలి, నోటి లెక్క నిలవదు. వేడి తెలిసీ ఆపకుండా నడిపేస్తే వచ్చే మొత్తం బాగా తగ్గుతుంది.

ముందు స్పీడ్ పోస్టులో నోటీసు ఇచ్చి 15 రోజులు చూడండి. చాలా షెడ్లు నోటీసు దగ్గరే బేరానికి వస్తాయి. రాకపోతే మీరు ఉంటున్న జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయొచ్చు, విజయవాడ తిరగక్కర్లేదు. ఘటన జరిగిన రెండేళ్లలోపు వేయాలి. కమిషన్ పరిధికి, ఫీజుకి చూసేది మీరు చెల్లించిన మొత్తాన్నే, 5 లక్షల లోపు ఫీజు లేదు. వినియోగదారుల ఫిర్యాదులకున్న ఈ-జాగృతి పోర్టల్‌లో మీరే దాఖలు చేసుకోవచ్చు, లాయరు తప్పనిసరి కాదు.

బండి ఆపడం సంగతి: చేసిన పనికి డబ్బు రాకపోతే మెకానిక్ బండి ఉంచుకోవచ్చని కాంట్రాక్టు చట్టం సెక్షన్ 170 చెబుతుంది. మీరు 6,500 ఇచ్చేశారు, కొత్త పని ఇంకా మొదలే కాలేదు. ముందే ఒప్పుకోని పార్కింగ్ చార్జీ కోసం బండి ఆపే హక్కు వాళ్లకి ఆ సెక్షన్ ఇవ్వదు. ఈ మాట నోటీసులో రాసి, బండి తీసుకెళ్లే తేదీ కూడా అందులోనే వేయండి.