అగ్రిమెంటు లేకుండా మరో విడత కట్టాలా?

ప్రశ్న: మాది విజయనగరం. 900 గజాల స్థలంలో 20 ఫ్లాట్లు కడుతుంటే ఒకటి 38 లక్షలకు మాట్లాడుకున్నాం. 9 లక్షలు కట్టాం. తెల్లకాగితాలపై రసీదులిచ్చారు. కిందటి సంక్రాంతికి ఇస్తామన్న ఇల్లు ఇంకా శ్లాబుల దశలోనే ఉంది. అగ్రిమెంటు అడిగితే ‘రిజిస్ట్రేషన్ నాడు చూసుకుందాం’ అంటూ మరో 6 లక్షలు కట్టమంటున్నారు. బ్యాంకు లోను ఇస్తానంది. కట్టవచ్చా? – ఒక ఉపాధ్యాయిని

జవాబు: కట్టవద్దమ్మా. అగ్రిమెంటు రాసి రిజిస్టరు చేసేదాకా ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. 2016 నాటి రెరా (స్థిరాస్తి నియంత్రణ, అభివృద్ధి) చట్టం 13వ సెక్షను ప్రకారం, రిజిస్టరు చేసిన అగ్రిమెంటు లేకుండా బిల్డరు ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. మీ ఫ్లాటుకు అది 3,80,000 రూపాయలు. మీ దగ్గర ఇప్పటికే 9 లక్షలు తీసుకున్నారు. తప్పు వారిది. కాబట్టి అడగడానికి మొహమాటపడకండి.

బ్యాంకు లోను ఇస్తానంది కదా అన్న ధీమా చాలామందిని ముంచుతోంది. బ్యాంకు న్యాయవాది కాగితాలు చూసేది బ్యాంకు సొమ్ము భద్రత కోసం. మీ గడువు గురించి, మీ చదరపు అడుగుల గురించి ఆయన పట్టించుకోరు.

ఇంత స్థలంలో 20 ఫ్లాట్లంటే రెరా నమోదు తప్పనిసరి. ఈ చట్టాన్ని అమలుచేసే రాష్ట్ర సంస్థ ఏపీ రెరా వెబ్‌సైటులో ప్రాజెక్టు పేరు వెతకండి. పూర్తిచేస్తామని బిల్డరు స్వయంగా ప్రకటించిన తేదీ అందులో ఉంటుంది. అగ్రిమెంటు లేని మీకు అది పెద్ద ఆధారం. నమోదే లేకపోతే, ప్రాజెక్టు అంచనా వ్యయంలో 10 శాతం దాకా జరిమానా పడే నేరం అది. బ్రోచరు, వాట్సాప్ సందేశాలు, బ్యాంకు స్టేట్‌మెంటు భద్రపరచండి. నగదుగా ఇచ్చిన మొత్తాలకు సంతకమున్న రసీదు తీసుకోండి.

తర్వాత అగ్రిమెంటు కోరుతూ స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. అగ్రిమెంటులో అప్పగింత తేదీతోపాటు కార్పెట్ ఏరియా, అంటే గోడల లోపల మీరు వాడుకునే విస్తీర్ణం, అంకెల్లో ఉండాలని రాయండి. గోడలు, మెట్లు, లిఫ్టు వంటి ఉమ్మడి జాగాలనూ కలిపే ‘సూపర్ బిల్టప్’ లెక్కకు ఒప్పుకోవద్దు.

వినకపోతే రెండు దారులున్నాయి. ఇల్లే కావాలంటే రెరాకు ఆన్‌లైనులో ఫిర్యాదు చేసి, ఆలస్యమైన ప్రతి నెలకూ వడ్డీ అడగవచ్చు. డబ్బు వెనక్కి చాలనుకుంటే మీ ఊళ్లోని జిల్లా వినియోగదారుల కమిషనే మీకు సులువని నా అభిప్రాయం. మీరు చెల్లించింది 50 లక్షల లోపే కనుక కేసు అక్కడికే వస్తుంది, ఫీజు 200 రూపాయలు. రెరా ఉన్నంత మాత్రాన ఈ దారి మూసుకుపోదని సుప్రీంకోర్టు 2020లో స్పష్టం చేసింది. అయితే ఒకే పరిహారం కోసం రెండుచోట్లా వెళ్లకండి.

కమిషనుకు వెళ్లడానికి గడువు రెండేళ్లు. కాలం దాటిందనే వాదనకు చోటివ్వకుండా ఆ సంక్రాంతి నుంచే లెక్కపెట్టుకోండి. బిల్డరు చెప్పే కొత్త తేదీలను నమ్మి ఆ గడువును పోగొట్టుకోవద్దు.