చాట్ యాప్‌లో రిప్లై థ్రెడ్లు: ఒక్క అంతస్తు చాలు, శ్రమంతా 'ఎవరు చదివారు' మీద పెట్టండి

మీ చాట్ యాప్‌లో రిప్లై థ్రెడ్లు (ఒక మెసేజ్‌కి వచ్చే జవాబులన్నీ దాని కిందే చేరడం) పెట్టడం గురించి మీరు అడిగినవి మూడు. మెసేజ్ టేబుల్‌లో పేరెంట్ ఐడీ (ఇది ఏ మెసేజ్‌కి జవాబో చెప్పేది) అనే ఒక్క కాలమ్ పెడితే సరిపోతుందా, రిప్లైకి మళ్ళీ రిప్లై ఎన్ని అంతస్తుల దాకా ఇవ్వాలి, పైనున్న మెసేజ్‌ని డిలీట్ చేస్తే కింద ఉన్న రిప్లైల సంగతేంటి. మూడింటికీ చెబుతాను. కానీ మీరు అడగనిది ఇంకొకటి ఉంది, అసలు పని దాని దగ్గరే ఉంటుంది: రిప్లై వచ్చిందని ఎవరికి తెలియాలి, ఎవరి ఫోను మోగకూడదు. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు అన్నారు కాబట్టి మొదటి మూడూ తొందరగా ముగించుకుని, మిగిలిన టైమ్ దానికి ఉంచుకోండి.

నేను భీమవరంలో ఒక చిన్న సంస్థలో సర్వర్ వైపు పని చేస్తాను. మా చాట్ యాప్ వాడేది రొయ్యల రైతులు, వాళ్ళకి సలహా చెప్పే టెక్నీషియన్లు. ఆకివీడు, ఉండి, పాలకొల్లు, నరసాపురం, గోదావరి అవతల రాజోలు, అమలాపురం వైపు గ్రూపులున్నాయి. థ్రెడ్లు లేని రోజుల్లో గ్రూపు ఎలా ఉండేదో చూడండి. ఇవి తెల్లవారుజామున వరసగా వచ్చిన మెసేజ్‌లు, పేర్లు తీసేశాను (డీవో అంటే నీటిలో కరిగి ఉన్న ఆక్సిజన్, ఏరేటర్ నీటిలోకి గాలి కలిపే యంత్రం, కౌంటు అంటే కిలోకి ఎన్ని రొయ్యలు, పట్టుబడి అంటే చెరువులో రొయ్యలు పట్టేయడం):

"మూడో చెరువులో డీవో రెండున్నర చూపిస్తందండి. ఏరేటర్లన్నీ వేసేశాం. పొద్దుటి మేత ఆపేయమంటారా?"

"నలభై కౌంటు ఎంత చెబుతున్నారండి ఇవాళ?"

"మా పట్టుబడి ఇవాళే పెట్టుకోమంటారా, ఆపేయమంటారా? ఐస్ బండికి చెప్పాలండి."

"ఆయ్, ఆపేయండి. ఎండెక్కాక మళ్ళీ చూసి చెప్పండి."

చివరిది టెక్నీషియన్ గారి జవాబు. ఆయన చెప్పింది మొదటి రైతుకి. రాత్రంతా నీటిలోని నాచు ఆక్సిజన్ తయారు చేయదు, రొయ్యలూ నాచూ అడుగు మట్టీ కలిసి ఉన్నదాన్ని వాడేస్తుంటాయి కాబట్టి సూర్యోదయానికి ముందే డీవో అన్నిటికన్నా తక్కువకి పడుతుంది. అప్పుడు మేత వేస్తే ఇబ్బంది ఇంకా పెరుగుతుంది. కానీ మూడో రైతు అది తనకే అనుకుని పట్టుబడి ఆపుకున్నాడు. రేటు అడిగిన మనిషికి అసలు జవాబే రాలేదు. మా యాప్‌కి థ్రెడ్లు కావాలని నేను గట్టిగా పట్టుబట్టింది ఇలాంటివి చూశాకే.

ఇక్కడ రెండు వేర్వేరు ఫీచర్లున్నాయి, ముందు వాటిని విడదీయండి. మొదటిది కోట్ రిప్లై. పాత మెసేజ్ ముక్క పైన కనబడుతుంది, జవాబు మాత్రం అదే వరసలో కింద పడుతుంది. టెలిగ్రామ్‌లో 2015లో, వాట్సాప్‌లో 2016లో వచ్చింది ఇదే. రెండోది థ్రెడ్. జవాబులు ప్రధాన వరసలోంచి పక్కకి తప్పుకుని, ఆ మెసేజ్ కిందే వేరుగా పోగవుతాయి. చాట్ యాప్‌లలో స్లాక్ దీన్ని 2017 జనవరిలో, డిస్కార్డ్ 2021లో తెచ్చాయి. కోట్ రిప్లై ఉంటే జవాబు దేనికో తెలుస్తుంది. కానీ డీవో గురించి పాతిక మెసేజ్‌లు నడిస్తే రేటు అడిగిన ప్రశ్న ఎక్కడో పైకి పోతుంది, అది తీరాలంటే థ్రెడ్ ఉండాలి. మావాళ్ళకి రెండూ కావాలి, అందుకే మా టేబుల్‌లో కాలమ్‌లు కూడా రెండు.

ఒకటి రూట్ ఐడీ, అంటే థ్రెడ్ మొదలైన మెసేజ్ ఐడీ: ఈ మెసేజ్ ఏ థ్రెడ్‌లోదో చెబుతుంది, ప్రధాన వరసలోదైతే నల్, అంటే ఖాళీ. రెండోది రిప్లై టు ఐడీ: దేన్ని కోట్ చేస్తున్నారో చెబుతుంది. పేరెంట్ ఐడీ ఒక్కటే పెట్టుకుంటే థ్రెడ్ మొత్తం తేవడానికి ఒక్కో మెసేజ్‌నీ పట్టుకుని కిందికో పైకో పాకాలి. రికర్సివ్ క్వెరీతో (తన ఫలితం మీద తనే మళ్ళీ నడిచే క్వెరీ) అవుతుంది, డేటాబేస్‌లలో పోస్ట్‌గ్రెస్‌లో 8.4 నుంచీ, మైఎస్‌క్యూఎల్‌లో 8.0 నుంచీ ఆ సౌకర్యం ఉంది. అయినా థ్రెడ్ తెరిచిన ప్రతిసారీ ఆ పని ఎందుకు? రూట్ ఐడీ ఉంటే ఒక్క షరతుతో మొత్తం వచ్చేస్తుంది. రూట్ ఐడీ, వరస నంబరు (దీని సంగతి కింద చెబుతాను) కలిపి ఒక ఇండెక్స్, అంటే త్వరగా వెతకడానికి సూచిక, వేయండి. ఈమెయిల్ వాళ్ళు ఈ చిక్కు ఏనాడో చూశారు. 1982 నాటి ఆర్‌ఎఫ్‌సీ 822లోనే (ఆర్‌ఎఫ్‌సీలంటే ఇంటర్నెట్ ప్రమాణాల పత్రాలు) ఇన్-రిప్లై-టు, రిఫరెన్సెస్ అని రెండు హెడర్లున్నాయి. ఇప్పటి ఆర్‌ఎఫ్‌సీ 5322 ప్రకారం మొదటిది నేరుగా ఏ మెయిల్‌కి జవాబో చెబుతుంది, రెండోది ఆ పైనున్న వరసని మోస్తుంది. మధ్యలో ఒక మెయిల్ మీకు చేరకపోయినా సంభాషణ తెగిపోకుండా ఉండేది ఆ రెండో హెడర్ వల్లే.

అంతస్తుల విషయంలో నాకు సందేహమే లేదు: ఒక్కటి చాలు. కాలువలోంచి బోదె తీస్తాం, ఆ బోదెలోంచి ఇంకో బోదె, దాన్లోంచి ఇంకోటి తీసుకుంటూ పోతే శివారు చేలకి నీరందదు. చాట్‌లో కూడా నాలుగో అంతస్తులో పడ్డ జవాబుని అడిగిన మనిషి చూడడు, పైగా ఐదంగుళాల ఫోనులో ఒక్కో అంతస్తుకీ జరుపుకుంటూ పోతే చివరికి అక్షరాలు పట్టే చోటుండదు. అందుకని థ్రెడ్‌లోని మెసేజ్‌కి ఎవరైనా రిప్లై కొడితే అది అదే థ్రెడ్‌లో పడాలి, కోట్ మాత్రం ఆ మెసేజ్‌ది చూపించాలి. ఈ నిర్ణయం ఫోనుకి వదలకుండా సర్వర్‌లో చేయండి: రిప్లై చేస్తున్న మెసేజ్‌కి రూట్ ఐడీ ఉంటే అదే వాడాలి, లేకపోతే ఆ మెసేజే రూట్. స్లాక్ ఏపీఐ (బయటి ప్రోగ్రాములు దానితో మాట్లాడే దారి) కూడా థ్రెడ్ ఏదో చెప్పే థ్రెడ్_టీఎస్‌లో రిప్లైది కాకుండా పై మెసేజ్‌దే పంపమంటుంది. చాట్ కోసం ఉన్న బహిరంగ ప్రమాణం మ్యాట్రిక్స్ అయితే థ్రెడ్‌లోంచి థ్రెడ్ తీయనివ్వదు.

అక్కడే ఇంకో తనిఖీ పెట్టండి, చాలామంది మర్చిపోతారు. క్లయింట్ (ఫోనులోని యాప్) పంపిన ఐడీ గల మెసేజ్ అదే గ్రూపుదా, పంపినవాళ్ళు ఆ గ్రూపులో ఉన్నారా? ఇది చూడకపోతే వేరే గ్రూపు మెసేజ్ ఐడీని కోట్ చేసి దాన్లో ఏముందో చదివేయొచ్చు. అది డేటా లీకు, అందులో రెండో మాట లేదు.

డిలీట్ సంగతి సులువు. కాస్కేడ్ డిలీట్ (పైది తీస్తే దానికి కట్టి ఉన్నవీ పోవడం) పెట్టకండి. రూట్‌ని తీసేస్తే దాని కింద నలుగురు రాసిన సలహాలు కూడా పోవడం అన్యాయం. టేబుల్‌లో ఆ మెసేజ్ వరస (రో) అలాగే ఉంచి, లోపలి పాఠం తుడిచేసి, 'ఈ మెసేజ్ తొలగించారు' అని చూపించండి. ఆ మెసేజ్‌ని కోట్ చేసిన చోట్ల కూడా పాత ముక్క కనబడకూడదు, కాబట్టి కోట్ పాఠాన్ని రిప్లైలో కాపీ చేసి దాచకండి. రిప్లైల సంఖ్య, చివరి రిప్లై సమయం రూట్ రోలోనే ఉంచి, రిప్లై చేర్చే ట్రాన్సాక్షన్‌లోనే (అన్నీ కలిసి జరగాలి, లేదా ఏదీ జరగకూడదు) మార్చండి. రిప్లై డిలీట్ అయితే తగ్గించండి.

ఇక వరస. మెసేజ్‌లని ఫోను గడియారం ప్రకారం పేర్చకండి. ప్రతి గ్రూపుకీ సర్వర్ ఇచ్చే పెరిగే నంబరు ఒకటి ఉండాలి. నరసాపురం నుంచి సఖినేటిపల్లి పంటు (పెద్ద పడవ) ఎక్కి వశిష్ఠ గోదావరి దాటుతున్నప్పుడు సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. మనిషి ఆగడు కదా, ప్రశ్న రాస్తాడు, అది ఇంకా పోకుండానే దానికి తనే రిప్లైగా "ఫొటో ఇదిగోండి" అని ఇంకోటి కొడతాడు. సర్వర్ ఐడీ వచ్చేదాకా ఆగాలంటే ఆ రిప్లైకి రూట్ ఏదో తెలియదు. అందుకని ఐడీ ఫోనులోనే పుట్టాలి. యూయూఐడీ (ఎక్కడ పుట్టినా ఇంకోదానితో కలవని ఐడీ) వెర్షన్ 7 వాడండి, 2024లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 9562లో ఉంది. అప్పుడు రిప్లై తన రూట్‌ని ముందే పేరు పెట్టి చెప్పగలదు, నెట్ తెగి మళ్ళీ పంపినా అదే ఐడీ కాబట్టి మెసేజ్ రెండుసార్లు పడదు. ఫోనులోని క్యూ మాత్రం రూట్ సర్వర్‌కి చేరాకే రిప్లై పంపాలి. వెర్షన్ 7 ఐడీలో టైమ్ ఉంటుంది కదా, దాంతోనే పేర్చేద్దాం అనిపిస్తుంది, వద్దు. అది ఫోను గడియారమే.

ఇప్పుడు అసలు సంగతికొద్దాం. చాలా చాట్ యాప్‌లలో ఒక్కో సభ్యుడికీ ఒక్కో గ్రూపులో 'చివరగా చదివిన నంబరు' అని ఒక్కటే ఉంటుంది. మీదీ అలాగే ఉండుంటుంది. థ్రెడ్లు పెట్టగానే అది అబద్ధం చెప్పడం మొదలుపెడుతుంది. గ్రూపులో 498వ మెసేజ్ ఒక థ్రెడ్ లోపలి జవాబు, 500వది ప్రధాన వరసలోది అనుకోండి. రైతు గ్రూపు తెరిచి 500 చూశాడు, చదివిన నంబరు 500 అయింది. తన ప్రశ్నకి 498లో వచ్చిన జవాబు అతను చూడనే లేదు, కానీ మీ లెక్కలో చదివేసినట్టే. ఎర్ర చుక్క పోతుంది, జవాబు అక్కడే పడి ఉంటుంది. మెసేజ్ తప్పిపోలేదు, సర్వర్‌లో ఎర్రర్ లేదు, లాగ్‌లో ఏమీ కనబడదు. అడిగిన మనిషి మాత్రం తనని పట్టించుకోలేదనుకుంటాడు.

కాబట్టి ఇంకో టేబుల్ కావాలి: రూట్ ఐడీ, యూజర్ ఐడీ, ఆ థ్రెడ్‌లో చివరగా చదివిన నంబరు, ఫాలో అవుతున్నారా లేదా. గ్రూపు పక్కన చూపే సంఖ్యకి ప్రధాన వరసలోవే లెక్కపెట్టండి, థ్రెడ్‌వి వేరుగా లెక్కపెట్టండి. మ్యాట్రిక్స్ ప్రమాణంలో కూడా 2022లో వచ్చిన 1.4 వెర్షన్ థ్రెడ్లతో పాటే థ్రెడ్‌కి విడిగా చదివిన గుర్తుల్ని తెచ్చింది. రెండూ కలిపి తీసుకురావడం ఊరికే కాదు.

ఫాలో ఎవరు? ప్రశ్న వేసినవాళ్ళు, అందులో జవాబు రాసినవాళ్ళు, పేరు పెట్టి పిలవబడ్డవాళ్ళు. వీళ్ళ ఫోన్లే మోగాలి. మిగతా గ్రూపుకి ఆ మెసేజ్ కింద '6 రిప్లైలు' అని కనబడితే చాలు. 'ఈ థ్రెడ్ ఇక వద్దు' అనే బటన్ తప్పకుండా ఉండాలి, ఒకసారి వద్దన్నాక మళ్ళీ తనంతట తాను ఫాలో అవకూడదు, వాళ్ళే మళ్ళీ రాస్తే తప్ప. ఫాలో అయ్యే థ్రెడ్లన్నీ ఒకేచోట, కొత్త జవాబు వచ్చినది పైన ఉండేలా ఒక స్క్రీన్ ఇవ్వండి. పెద్దవయసు రైతులు పైకి స్క్రోల్ చేసి వెతకరు, ఆ స్క్రీన్ ఒక్కటే తెరుస్తారు.

పుష్ నోటిఫికేషన్లలో ఒక చిన్న గొయ్యి ఉంది. ఒకే థ్రెడ్ నుంచి పది మెసేజ్‌లు వస్తే పది మోతలు వద్దని ఎఫ్‌సీఎంలో (ఫోన్లకి నోటిఫికేషన్లు చేర్చే గూగుల్ సేవ) రూట్ ఐడీనే కొలాప్స్ కీగా (అదే కీ ఉన్నవాటిలో చివరిదే నిలిచేలా చేసే గుర్తు) ఇవ్వాలనిపిస్తుంది. కానీ ఒక ఫోనుకి ఒకేసారి నాలుగు కొలాప్స్ కీలే నిలుస్తాయి. కరెంటు లేక రాత్రంతా ఫోను ఆగిపోయి పొద్దున్నే ఆన్ చేసినవాళ్ళకి ఏ థ్రెడ్ సమాచారం మిగులుతుందో చెప్పలేం. కొలాప్స్ కీ గ్రూపు స్థాయిలో ఒకటే ఉంచి, ఫోను మీద నోటిఫికేషన్ ట్యాగ్‌కి (అదే ట్యాగ్ ఉన్న కొత్తది పాతదాని చోటే కనబడుతుంది) రూట్ ఐడీ వాడండి. యాప్ తెరవగానే అసలు లెక్క సర్వర్‌ని అడగాలి.

కొన్ని జవాబులు ఒక్కడికే కాదు, ఊరందరికీ పనికొస్తాయి. రొయ్యలకి వచ్చే తెల్లమచ్చ తెగులు లక్షణాలు కనబడ్డాయి, చుట్టుపక్కల చెరువుల నీరు తోడుకోకండి అని ఎవరైనా థ్రెడ్‌లో రాస్తే అది లోపలే ఉండిపోకూడదు. స్లాక్‌లో దీనికి రిప్లై_బ్రాడ్‌కాస్ట్ ఉంది: రిప్లై థ్రెడ్‌లోనే ఉంటూ ప్రధాన వరసలో కూడా కనబడుతుంది. మెసేజ్‌ని కాపీ చేయకండి, అదే రో మీద ఒక గుర్తు పెట్టండి. కాపీ చేస్తే ఎడిట్లు, డిలీట్లు రెండు చోట్ల చేయాలి. ప్రధాన వరస షరతు 'రూట్ ఐడీ నల్, లేదా ఆ గుర్తు ఉన్నది' అవుతుంది, పార్షియల్ ఇండెక్స్ (షరతుకి సరిపోయే రోలకే వేసేది) వేస్తే అందులోనూ ఇదే రాయండి. చదవని సంఖ్య లెక్కలో కూడా ఇదే షరతు పెట్టాలి.

వాయిస్ మెసేజ్‌లున్న గ్రూపైతే కోట్‌లో 'ఆడియో' అని మాత్రమే చూపిస్తే ఎవరికీ ఏమీ అర్థం కాదు. మా దగ్గర సగం ప్రశ్నలు వాయిసే. పంపినవాళ్ళ పేరు, టైమ్, ఎన్ని సెకన్లో చూపించి, నొక్కితే అక్కడికక్కడే వినబడేలా చేశాం. థ్రెడ్‌కి చిన్న శీర్షిక పెట్టుకునే వీలు కూడా ఇచ్చాం, 'మూడో చెరువు డీవో' లాగా. అది టెక్నీషియన్లే ఎక్కువగా వాడుతున్నారు, కానీ బాగా వాడుతున్నారు.

చివరిగా పాత వెర్షన్లు. అందరూ యాప్ అప్‌డేట్ చేయరు. పాత యాప్‌కి రూట్ ఐడీ అంటే తెలియదు కాబట్టి థ్రెడ్ రిప్లైలని మామూలు కోట్ రిప్లైలుగా ప్రధాన వరసలోనే చూపించనివ్వండి. మ్యాట్రిక్స్ కూడా పాత క్లయింట్ల కోసం థ్రెడ్ మెసేజ్‌తో పాటు మామూలు రిప్లై సమాచారం పంపుతుంది. అవి దాచేస్తే పాత ఫోనున్న రైతు ఆ జవాబు ఎప్పటికీ చూడడు. టేబుల్ మార్పు మాత్రం భయపడేది కాదు. పోస్ట్‌గ్రెస్‌లో డిఫాల్ట్ లేని నల్ కాలమ్ చేర్చితే టేబుల్ మొత్తం తిరగరాయదు, ఇండెక్స్‌ని కాంకరెంట్లీ (టేబుల్‌ని ఆపకుండా పక్కనే కట్టే పద్ధతి) వేస్తే మెసేజ్‌లు రాయడం ఆగదు. ముందు కాలమ్‌లు, తర్వాత సర్వర్, ఆ తర్వాత చదివిన గుర్తుల టేబుల్, అన్నీ నడుస్తున్నాయని చూశాకే యాప్‌లో బటన్. బటన్ ముందు పెట్టి చదివిన గుర్తులు తర్వాత చూద్దాం అనుకోకండి.