కార్చిచ్చు ఆరాక రేంజర్లకు దక్కిందేమిటి?

ప్రశ్న: మా నాన్నగారు మామండూరు, బాలపల్లె అడవుల్లో ఫారెస్టరుగా పనిచేసి పదవీ విరమణ చేశారు. ఏటా శివరాత్రి దాటిందంటే ఆయన ఇంటిపట్టున ఉండేవారు కాదు. అమెరికాలో ఉంటున్న మా అబ్బాయి ఈ మధ్య ఇడాహో రాష్ట్రంలోని వాలేస్ అనే ఊరి దగ్గర ఒక పాత గని సొరంగాన్ని చూసి వచ్చి, 1910లో ఒక రేంజరు తన మనుషులను అందులోకి తోలి కార్చిచ్చు నుంచి కాపాడాడని రాశాడు. ఆ రేంజరు ఎవరు? మంటలు చల్లారాక ఆయన, ఆయనతో పనిచేసినవాళ్లు ఏమయ్యారు?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: ఆ రేంజరు పేరు ఎడ్వర్డ్ పులాస్కీ. అడగవలసిన ప్రశ్న అడిగారమ్మా. సొరంగం కథ చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు గాని, ఆ తరువాతి సంగతులు అడిగేవాళ్లు తక్కువ.

అమెరికా అటవీ శాఖ 1905లో ఏర్పడింది కనుక 1910 నాటికి దాని వయసు అయిదేళ్లు మాత్రమే. తొలి తరం రేంజర్లు సొంత గుర్రం, సొంత జీను తెచ్చుకుని కొలువులో చేరినవారు. గుర్రం మీద సామాను జారకుండా కట్టడం వచ్చా రాదా అన్నది కూడా వాళ్లకు పెట్టిన పరీక్షలో భాగంగా ఉండేది. ఒక్కొక్కరి కింద ఉన్న అడవిని చుట్టి రావడానికి రోజులు పట్టేది. పైగా ఆ ఏడాది జనవరిలోనే శాఖ మొదటి అధిపతి గిఫర్డ్ పించోను అధ్యక్షుడు టాఫ్ట్ పదవి నుంచి తొలగించాడు. అసలు ఇటువంటి శాఖ అక్కరలేదని వాదించే నాయకులకు ఆ దేశపు చట్టసభల్లో కొదవ లేదు.

ఆ పించోకూ మీ నాన్నగారి శాఖకూ ఒక బంధుత్వం ఉంది. యువకుడిగా అటవీ శాస్త్రం నేర్చుకోవడానికి యూరపు వెళ్లినప్పుడు ఆయనకు దారి చూపిన గురువు డీట్రిక్ బ్రాండిస్. 1864 నుంచి భారతదేశపు అడవులకు తొలి ఇన్‌స్పెక్టర్ జనరల్‌గా పనిచేసిందీ, మద్రాసు ప్రెసిడెన్సీ అటవీ పాలన ఎలా ఉండాలో 1883లో నివేదిక రాసిందీ ఈ బ్రాండిసే. మన కొండలు అప్పుడు ఆ ప్రెసిడెన్సీలోనివే.

ఇక ఆ వేసవి సంగతి. ఇడాహో, మోంటానా పర్వతాల్లో 1910లో వానలు ముందే ముఖం చాటేశాయి. పిడుగుల వల్ల కొన్ని, బొగ్గు రైళ్ల నిప్పురవ్వల వల్ల కొన్ని, ఆగస్టు నాటికి వందల చోట్ల మంటలు రగులుతున్నాయి. గంటకు పాతిక సెంట్ల కూలికి దొరికినవారినల్లా అడవిలోకి పంపారు. వాళ్లలో గని పనివాళ్లు, కలప నరికేవాళ్లు, ఇంగ్లీషు ముక్క రాని వలస కూలీలు ఉన్నారు. సైన్యాన్ని కూడా రప్పించారు. ఆగస్టు 20 మధ్యాహ్నం మొదలైన పెనుగాలి ఈ విడివిడి మంటలన్నిటినీ ఒక్కటి చేసింది. రెండు రోజుల్లో సుమారు 30 లక్షల ఎకరాలు, అంటే మన శేషాచల జీవావరణ రిజర్వుకు దాదాపు రెండున్నర రెట్ల అడవి కాలిపోయింది. కనీసం 85 మంది చనిపోయారు, వారిలో అత్యధికులు నిప్పు ఆర్పడానికి వెళ్లినవారే. వాలేస్ పట్టణంలో మూడో వంతు బూడిదయింది.

పులాస్కీ శాఖలో చేరేనాటికే నలభై దాటినవాడు. అంతకు ముందు గనుల్లో, కమ్మరి కొలిమి దగ్గర పనిచేసి ఉండటంతో ఆ కొండల్లో ఏ మలుపులో ఏ గని ఉందో ఆయనకు కొట్టినపిండి. నాలుగు వైపులా మంటలు కమ్ముకు వస్తుంటే సుమారు 45 మందిని వెంటబెట్టుకుని వాగు పక్కనున్న ఆ పాత సొరంగంలోకి తీసుకువెళ్లాడు. లోపల పొగకు ఊపిరాడక ఒకడు బయటికి పరుగెత్తబోతే, పిస్తోలు తీసి, గడప దాటినవాడిని కాల్చేస్తానన్నాడు. సొరంగం ముఖద్వారానికి తడి కంబళ్లు వేలాడదీశాడు. దూలాలకు నిప్పంటుకుంటే గనిలో ఊరే నీటిని తన టోపీతో తోడి చల్లుతూ, చివరికి తానే స్పృహ తప్పి పడిపోయాడు. తెల్లవారుజామున ఎవరో, “బయటికి రండర్రా, దొర చచ్చిపోయాడు” అంటే, “చచ్చాడా? ఎవడన్నాడు!” అన్న అర్థం వచ్చేలా ఒక మోటుమాటతో తాను బదులిచ్చినట్టు పులాస్కీయే తరువాత రాసుకున్నాడు. అయిదుగురు మాత్రం లోపలే ప్రాణాలు విడిచారు. మిగిలినవాళ్లు కాలిన బూట్లతో, పేలికలైన బట్టలతో, పొగలు చిమ్ముతున్న మొద్దుల మధ్య నుంచి ఊరికి నడిచి వచ్చారు.

ఆ తరువాతి సంగతులకు వస్తే, పులాస్కీ కళ్లు కనిపించక, న్యుమోనియాతో దాదాపు రెండు నెలలు ఆసుపత్రిలో ఉన్నాడు. కళ్లు, ఊపిరితిత్తులు, గొంతు మళ్లీ ఎన్నడూ మునుపటిలా కాలేదు. అయినా ఉద్యోగం మానలేదు. దినకూలీ మీద వచ్చి గాయపడినవారికి చికిత్స ఖర్చు ఎవరు భరించాలి, చనిపోయినవారి కుటుంబాలకు ఏమివ్వాలి అన్న ప్రశ్నలకు ప్రభుత్వం దగ్గర సిద్ధంగా ఏర్పాటేదీ లేదు. రేంజర్లు తమ జీతాల్లోంచి చందాలు వేసుకుని కొందరికి వైద్యం చేయించారు. చనిపోయినవారిలో కొందరి ఇంటిపేరు, ఊరు కూడా ఎవరికీ తెలియదు. పడిపోయిన చోటే గొయ్యి తీసి పూడ్చినవారు ఉన్నారు. ఆ సమాధులను ఏళ్ల తరబడి పులాస్కీయే స్వయంగా శుభ్రం చేస్తూ, వాటికి రాళ్లు నాటించమని పైవాళ్లకు ఉత్తరాలు రాస్తూ వచ్చాడు. ఆపద జరిగిన పదమూడేళ్లకు, 1923లో, ఒక అటవీ పత్రిక పెట్టిన పోటీకి తన అనుభవాన్ని రాసి పంపాడు. అంతకు ముందు దాన్ని గురించి గొప్పలు చెప్పుకున్న మనిషి కాడు.

చట్టసభ వేగంగా కదిలింది మరోచోట. మంటలు చల్లారిన ఆరు నెలలకే, 1911 మార్చిలో, అడవులు కొనడానికీ, నిప్పు నివారణలో రాష్ట్రాలతో కలిసి పనిచేయడానికీ వీలిచ్చే వీక్స్ చట్టం వచ్చింది. నిన్నటిదాకా శాఖనే ఎత్తేయమన్నవాళ్ల నోళ్లు మూతపడ్డాయి. ఆ మృతుల పేరుతో శాఖ నిలబడింది, నిధులు పెరిగాయి. ఆ పేరు తెచ్చిపెట్టినవారి ఆసుపత్రి బిల్లులకు మాత్రం అంత తొందర కనిపించలేదు. ఈ రెండూ ఒకే ఏడాదిలో, ఒకే ప్రభుత్వం చేసిన పనులు కావడం నాకు ఎంత ఆలోచించినా మింగుడుపడదు.

పులాస్కీ మాత్రం ఉద్యోగం చేస్తూనే తన కమ్మరి పనికి తిరిగి వెళ్లి, ఒక పిడికి ఒకవైపు గొడ్డలి వాదర, రెండోవైపు నేలను గీకే సన్నని పార ఉండే పనిముట్టును తయారుచేశాడు. మంటను అడ్డుకోవడమంటే నీళ్లు చల్లడం కంటే దాని దారిలోని ఆకును, గడ్డిని, వేర్లను మట్టి తేలేదాకా తీసివేయడమే ముఖ్యం. నరకడానికి ఒకటి, గీకడానికి ఒకటి మోసుకుంటూ కొండలెక్కే బాధ దీనితో తప్పింది. ప్రపంచంలో చాలాచోట్ల అడవి మంటలార్పేవారు నేటికీ దాన్ని ఆయన పేరుతోనే పిలుస్తారు. పులాస్కీ 1931లో కన్నుమూశాడు.

ప్రశ్న: 1910 తరువాత అమెరికాలో ప్రతి నిప్పునూ ఆర్పి తీరాలని నియమం పెట్టుకుని, చివరికి వాళ్లే దాన్ని వదులుకున్నారని విన్నాను. అలాగైతే శేషాచలంలో వేసవి మంటలను కూడా కొంత చూసీచూడనట్టు వదిలేయవచ్చు కదా? పూర్వం పశువుల కాపర్లు కొత్త గడ్డి కోసం కొండకు నిప్పు పెట్టేవారనీ, అయినా అడవి అలాగే ఉందనీ మా ఊరి పెద్దలు అంటారు.
– ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: మీరు విన్నది నిజమే. 1910 మంటలను దగ్గరుండి చూసిన అధికారుల్లో విలియం గ్రీలీ, ఫెర్డినాండ్ సిల్కాక్స్ తరువాతి కాలంలో ఆ శాఖకే అధిపతులయ్యారు. ఎక్కడ నిప్పు కనిపించినా మర్నాడు ఉదయం పది గంటల్లోగా అదుపులోకి తేవాలన్న నియమాన్ని 1935లో పెట్టింది సిల్కాక్సే. ఆ ఆగస్టు రాత్రులు వాళ్ల మనసుల్లో వదిలిన భయం ఎంతటిదో ఆ నియమంలో కనబడుతుంది. ఆ 1935లోనే, 1910 మంటలతో పోరాడిన ఎల్లర్స్ కోక్ అనే మరో అధికారి మాత్రం, మనుషులు ఉండని మారుమూల కొండల్లోకి మంటలార్పడం కోసం బాటలు తొలిచి, అంత డబ్బూ శ్రమా ధారపోసి మనం సాధించిందేమిటని వృత్తి పత్రికలో నిలదీశాడు. కోక్ మాట పిరికివాడి మాట కాదు. ఆయన నెలకొల్పిన నారుమడి 1910 మంటల్లోనే బుగ్గికాగా, దాన్ని తిరిగి నిలబెట్టారు. ఆయన మాట శాఖకు ఎక్కడానికి నాలుగు దశాబ్దాలు పట్టింది. చిన్న మంటలన్నిటినీ ఆర్పేయడంతో అడవి నేలమీద చెత్త, పొదలు, ఎండు కొమ్మలు పేరుకుపోయి, అంటుకున్నప్పుడు ఆపలేనంత పెద్ద మంటలు పుట్టసాగాయి. 1978లో పది గంటల నియమాన్ని రద్దు చేశారు.

అయితే ఆ పాఠాన్ని ఉన్నదున్నట్టు తెచ్చి మన కొండలకు అతికించకూడదు. అక్కడి పర్వతాల్లో వానచుక్క లేని పిడుగులు తరచుగా పడి, మనిషి ప్రమేయం లేకుండానే నిప్పు రాజుకుంటుంది. మనకు పిడుగులు సాధారణంగా వానతోపాటే వస్తాయి. శేషాచలంలో ఫిబ్రవరి నుంచి మే దాకా రేగే మంటలు దాదాపు అన్నీ మనిషి చేతివే. ఆర్పకుండా పారేసిన బీడీ ముక్క, తేనెపట్టుకు పెట్టిన పొగ, మేత కోసం పెట్టిన నిప్పు, అడవి అంచు పొలాల్లో తగలబెట్టిన చెత్త వాటికి కారణాలు. ఆకు రాల్చే అడవి కనుక వేసవి నాటికి నేలంతా ఎండుటాకు పరుచుకుని ఉంటుంది. దానికి నిలువెత్తు బోద గడ్డి తోడయితే, మంట మనిషి పరుగును మించి పైకి పాకుతుంది. 2014 మార్చిలో తిరుమల కొండల్లో రేగిన మంటల కోసం వైమానిక దళం హెలికాప్టర్లను దింపవలసి వచ్చింది.

మీ ఊరి పెద్దల మాటను కొట్టిపారేయలేము. ఇక్కడి మంట ఎక్కువగా నేలబారుగా పోతుంది కాబట్టి ముదురు చెట్లు తట్టుకుంటాయి. ఎర్రచందనం నరికిన మొదలు నుంచి కూడా చిగురు వేస్తుంది. కానీ ఈ లెక్క పెద్ద చెట్లను చూసి వేసినది. కాలిన చోట మోకాళ్లమీద కూర్చుని చూస్తే, జానెడు ఎత్తు మొలకలు మసిపట్టిన పుల్లలుగా కనబడతాయి. ఆ తరం పోయినట్టే. వాటి స్థానంలో వానలకు ముందుగా లేచేది గడ్డి, మరుసటి వేసవికి మరింత ఒత్తుగా ఎండి సిద్ధంగా ఉండేదీ అదే. ఏటా ఒకే చోట కాలుతూ ఉంటే ఇరవై ఏళ్లకు పైన ముసలి చెట్లు, కింద గడ్డి మిగిలి, మధ్య వయసు చెట్లు లేని అడవి అవుతుంది. ఈ తూర్పు కనుమల్లో తప్ప మరెక్కడా సహజంగా పెరగని పెరిత మొక్కకు కూడా ఈ ముప్పు ఉంది. దాని మొద్దు మంటకు ఓర్చుకున్నా, లేత మొక్కలు ఓర్చుకోలేవు.

మన అడవిలో నిప్పును ఒక పనిముట్టుగా వాడటం అసలే తప్పని నేను అనను. చలికాలంలో, గాలి లేని పూట, ఫైర్ లైన్ల వెంట, అంటే మంట దాటకుండా అడవిలో ఖాళీగా ఉంచే బాటల వెంట, గడ్డి కోసి అక్కడికక్కడే కాల్చివేయడం అటవీ శాఖవారు ఎన్నో ఏళ్లుగా చేస్తున్న పని, అవసరమైన పని. మార్చి నెల మధ్యాహ్నం ఎవరో గీసిన అగ్గిపుల్లను దానితో సమానం చేయలేము.

ఇప్పుడు ఎక్కడ నిప్పు పుట్టినా ఉపగ్రహం పసిగట్టి, భారత అటవీ సర్వే సంస్థ నుంచి సిబ్బంది ఫోన్లకు సమాచారం వస్తోంది. ఆ చోటికి గంటల తరబడి నడిచి వెళ్లి పచ్చి కొమ్మలతోనో, ఆకులు చిమ్మే బ్లోయరుతోనో మంటను కొట్టేది మాత్రం బీట్ అధికారి, ఆయన వెంట వేసవి నెలలకు మాత్రమే పనిలోకి తీసుకున్న ఫైర్ వాచర్లు. వాళ్లలో చాలామంది అడవి అంచు పల్లెలవాళ్లు. కాళ్లకు గట్టి బూట్లు, తాగడానికి చాలినన్ని నీళ్లు, పొగకు ఊపిరితిత్తులు చెడితే తాత్కాలిక కూలీ అన్న సాకు చూపకుండా వైద్యం, ప్రాణం పోతే కుటుంబానికి వెంటనే అందే బీమా వీరికి ఉండాలి. మంటలను ఆర్పాలా వదలాలా అన్న చర్చ కంటే ముందు తేల్చవలసింది ఇదని నా అభిప్రాయం. 1910లో వాలేస్ ఆసుపత్రిలో పడుకున్న కూలీలకు ఎవరు దిక్కన్న ప్రశ్న మంట వచ్చాక పుట్టింది. మనం దాన్ని జనవరిలోనే తేల్చుకోవచ్చు.

ప్రశ్న: మా కళాశాల పిల్లలు వేసవి సెలవుల్లో తలకోన వైపు కొండలెక్కుతామంటున్నారు. దారిలో మంట ఎదురైతే ఏం చేయాలి?
– ఒక అధ్యాపకుడు, తిరుపతి

జవాబు: మార్చి, ఏప్రిల్, మే నెలల్లో ఆ ప్రయాణం వద్దని నచ్చజెప్పండి. వానలు పడ్డాక, అటవీ శాఖ అనుమతి తీసుకుని, దారి తెలిసిన స్థానికుడిని వెంటబెట్టుకుని వెళ్లమనండి. తమిళనాడులోని తేని జిల్లా కురంగణి కొండల్లో 2018 మార్చి 11న ఎండు గడ్డి వాలుమీద మంటల్లో చిక్కుకుని ఇరవై మందికి పైగా చనిపోయారు. కొండెక్కడానికి వెళ్లిన యువతే వారిలో ఎక్కువ.

అయినా ఎప్పుడైనా పొగ కనబడితే, మొదట చూడవలసింది గాలి ఎటు వీస్తోందో, మంట మనకు కింద ఉందో పైన ఉందో. మంట కింద ఉంటే పైకి పరుగెత్తకూడదు, వాలుమీద అది మనకంటే వేగంగా ఎక్కుతుంది. అడ్డంగా, గాలికి పక్కగా జరిగి బండ నేలకో, వెడల్పాటి ఇసుక వాగులోకో, అప్పటికే కాలి చల్లారిన చోటికో చేరాలి. నిటారుగా ఉండే ఇరుకు సందుల్లోకి పోకూడదు, వాటిలో వేడి పొగగొట్టంలో లాగా పైకి తన్నుకువస్తుంది. నైలాను, పాలిస్టరు బట్టలు వేడికి కరిగి ఒంటికి అంటుకుంటాయి గనుక నూలు బట్టలే వేసుకోవాలి. తప్పించుకునే దారి లేనప్పుడు గడ్డి లేని చోట నేలకు ముఖం ఆనించి, తడి గుడ్డ ముక్కుకు అడ్డం పెట్టుకుని, మంట దాటిపోయేదాకా లేవకూడదు. సిగ్నల్ అందిన మొదటి చోటనే 112కు ఫోన్ చేసి, కనబడుతున్న గుట్ట పేరో, దగ్గరి వాగు పేరో చెప్పమనండి.