ఉద్యోగం మానేసి పాటలు పాడతానంటున్న చెల్లెలి కూతురికి

చిట్టితల్లికి గాల్వే నుంచి పెద్దమ్మ ఆశీస్సులు.

నిన్న రాత్రి డ్యూటీ ముగించుకుని ఇంటికి వచ్చి టీ పెట్టుకుంటూ ఉండగా మీ అమ్మ కాకినాడ నుంచి ఫోన్ చేసింది. నువ్వు క్రిస్మస్ నాటికి ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి, ముగ్గురు స్నేహితులతో కలిసి ఆల్బం విడుదల చేసి, ఐర్లండ్ అంతా తిరుగుతూ పాడబోతున్నావని చెప్పి ఏడ్చింది. "దాన్ని చెడగొట్టింది నువ్వే, అక్కా" అని కూడా అన్నది. ఆ మాటకు నాకు కోపం రావలసింది. రాలేదు సరికదా, ఫోన్ పెట్టేశాక అద్దంలో చూసుకుని నవ్వుకున్నాను కూడా. ఆ తరువాత పడుకుంటే మాత్రం మధ్యాహ్నం దాకా నిద్ర పట్టలేదు. ఫోనులో చెబితే నువ్వు ఊఁ కొడుతూ ఇంకేదో పని చేసుకుంటావు కనుక ఉత్తరం రాస్తున్నాను.

అందరూ చెప్పే మాటలు ముందు ముగిస్తాను. పాట రాసినందుకు వచ్చే డబ్బు కోసం, దాన్ని వసూలు చేసి ఇచ్చే ఇమ్రో అనే సంస్థలో చేరు. రికార్డింగులో పాడినందుకూ వాయించినందుకూ వచ్చే డబ్బు వేరు, అది రాప్ (RAAP) అనే మరో సంస్థ ద్వారా వస్తుంది, అక్కడా చేరు. ఏడాదిలో కనీసం 1,000 సార్లు వినబడని పాటకు స్పాటిఫై 2024 నుంచి ఏమీ ఇవ్వడం లేదు కనుక దాన్ని విజిటింగ్ కార్డులా వాడుకో; పాటలను బ్యాండ్‌క్యాంప్ అనే వెబ్‌సైటులో అమ్ము, కచేరీ అయ్యాక తలుపు దగ్గర బల్ల వేసి అమ్ము.

ఇక రాజీనామా సంగతి. నీ దగ్గర ఉన్నది క్రిటికల్ స్కిల్స్ అనే ఉద్యోగ పర్మిట్ మీద ఇచ్చిన స్టాంప్ 1 అనే నివాస ముద్ర. ఆ ముద్ర ఉన్నంత కాలం స్వయం ఉపాధికి అనుమతి లేదు. పర్మిట్ తెచ్చిన ఉద్యోగాన్ని వదిలేస్తే ఈ దేశంలో నిలబడడానికి ఉన్న ఆధారమే పోతుంది. దాదాపు రెండేళ్ళు పూర్తయి స్టాంప్ 4 చేతికి వచ్చాక నువ్వు ఎవరినీ అడగకుండా నీ పాటలతో వ్యాపారం చేసుకోవచ్చు. నీకు మిగిలింది పదకొండు నెలలే. నీ బృందంలోని ముగ్గురూ మంచి పిల్లలే కావచ్చు, కానీ ఇక్కడే పుట్టినవాళ్ళు కనుక వాళ్ళకు ఈ ఆలోచన తట్టదు. వాళ్ళ చేతిలో డబ్బు అయిపోతే అమ్మగారింట్లో పాత గది ఉంటుంది. మీ అమ్మ ఇల్లు కాకినాడలో ఉంది. 2022లో ప్రభుత్వం 2,000 మంది కళాకారులకు వారానికి 325 యూరోలు ఇవ్వడం మొదలుపెట్టిందని నువ్వు మీ అమ్మకు చెప్పావట. అది గొప్ప పనే, నేనూ కాదనను. అయితే ఆ 2,000 మందినీ అర్హులలోంచి చీటీలు తీసినట్టు ఎంపిక చేశారని కూడా ఆమెకు చెప్పవలసింది.

ఈ పదకొండు నెలలూ వృథా అనుకోకు. ఈ దేశం చిన్నది. డబ్లిన్ నుంచి గాల్వేకి దాదాపు 200 కిలోమీటర్లు, రెండున్నర గంటల దారి. శుక్రవారం లిమరిక్‌లో డోలన్స్ పబ్బులోనో, శనివారం ఇక్కడ రోషీన్ దువ్ పబ్బులోనో పాడి సోమవారం ఉదయం నీ ఆఫీసు కుర్చీలో కూర్చోవచ్చు. దేశం ఇంత చిన్నది కావడం వల్ల నష్టమూ ఉంది. రిపబ్లిక్ మొత్తం కలిపినా 50 లక్షల పైచిలుకు జనం. అందులో మీలాంటి వాళ్ళ పాట వినడానికి వానలో బయటికి వచ్చేవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ అవే యాభై, అరవై ముఖాలు. అదే ఊరికి నెల తిరగకుండా మళ్ళీ వెళితే వాళ్ళు కూడా రారు. డబ్లిన్ వాళ్ళు వెక్స్‌ఫర్డ్ వీధిలోని వీలన్స్ అనే పాటల పబ్బును లోకానికి నడిబొడ్డు అనుకుంటారు. నేను అనుకోను. క్లొనకిల్టీ అనే చిన్న ఊళ్ళో డి బారాస్ అనే చిన్న పబ్బులో పాట మొదలయ్యే ముందు జనం గ్లాసు కింద పెట్టే తీరు చూశాక, సంగీతకారులకు ఈ దేశంలో అంతకన్న గౌరవం ఇంకెక్కడా దొరకదని నా గట్టి అభిప్రాయం.

పెద్ద కంపెనీ దొరకలేదని మాత్రం దిగులు పడకు. నేను 2001లో నర్సుగా ఇక్కడ దిగేటప్పటికి ప్రతి ఇంట్లోనూ డేవిడ్ గ్రే అనే గాయకుడి పాటలే వినబడుతున్నాయి. ఇంగ్లండ్‌లో ఎవరూ పట్టించుకోని ఆ మనిషి తన నాలుగో ఆల్బమ్‌ను 1998లో తన సొంత లేబుల్ మీద విడుదల చేసుకుంటే, దాన్ని ముందు నెత్తిన పెట్టుకున్నది ఐర్లండే. 2002లో ఇక్కడి గాయకుడు డేమియన్ రైస్ కూడా తన మొదటి ఆల్బమ్‌ను సొంతంగానే తెచ్చుకున్నాడు. 2005 సంవత్సరానికి ఉత్తమ ఐరిష్ ఆల్బమ్‌గా మొట్టమొదటి చాయిస్ బహుమతి పొందిన జూలీ ఫీనీది కూడా సొంత ఖర్చుతో చేసుకున్న రికార్డే. ఆ వార్త విన్న రోజున వార్డులో అందరికీ కేకు తెచ్చి పెట్టాను, ఎందుకో ఎవరికీ చెప్పలేదు.

నువ్వు పంపిన నాలుగు పాటలూ విన్నాను. మూడు బాగున్నాయి. రెండోది బాగా లేదు. ఫాంటెయిన్స్ డి.సి. అనే డబ్లిన్ బృందం మొదటి ఆల్బం 2019లో వచ్చిన దగ్గర నుంచి డబ్లిన్‌లో ప్రతి కుర్ర బృందమూ పాడడం మానేసి వీధి యాసలో పాఠం అప్పజెబుతోంది. వాళ్ళది వాళ్ళకు నప్పింది. నువ్వు కాకినాడ రామారావుపేటలో పెరిగిన పిల్లవు. డబ్లిన్‌లోని లిబర్టీస్ పేటలో పుట్టినట్టు ఆ గొంతు పెట్టడం ఎందుకు? 2016 ఏడాదికి చాయిస్ బహుమతి పొందిన లిమరిక్ బృందం రుసంగానో ఫ్యామిలీని విను. అందులో ఇద్దరు ర్యాపర్లు, ఒకరు జింబాబ్వేలోనూ మరొకరు టోగోలోనూ పుట్టినవాళ్ళు. వాళ్ళు ఎవరి యాసనూ అరువు తెచ్చుకోలేదు.

ఈ మాట నీకు ఇక్కడ ఇంకెవరూ చెప్పరు, అందుకే నేను చెబుతున్నాను. ఇక్కడి స్వతంత్ర సంగీత లోకానికి ఉన్న పెద్ద జబ్బు అదే. నిన్ను విమర్శించవలసినవాడి తమ్ముడే రేపు నీకు సౌండు చేస్తాడు. వేదిక ఇచ్చే ఆవిడ నీ డ్రమ్మర్‌తో కలిసి చదువుకుని ఉంటుంది. అందరూ అందరికీ రేపు బారు దగ్గర ఎదురుపడవలసినవాళ్ళే కనుక అందరి పాటా అద్భుతమే. విజయనగరం సంగీత కళాశాలలో మా మాస్టారు రెండో అక్షరం దగ్గరే చెయ్యి ఎత్తి ఆపేసేవారు. అప్పుడు ఏడ్చాను కానీ, ఇరవై ఏళ్ళుగా ఇక్కడ ఆ చెయ్యి కోసం వెతుక్కుంటున్నాను.

ఆ మంచితనమే నన్ను ముంచింది. అసలు ఈ ఉత్తరం మొదలుపెట్టింది అది చెప్పడానికే.

మనవాళ్ళు ఫిడేలు అంటారు, ఇక్కడివాళ్ళు ఫిడిల్ అంటారు. ఆ ఒక్క మాట పట్టుకుని నేను వీళ్ళలో కలిసిపోయాను. 2007 ఫిబ్రవరిలో మేము ఐదుగురం క్లేర్ కౌంటీలో సముద్రం పక్కన ఒక ఇల్లు ఆరు రోజులకు అద్దెకు తీసుకుని ఆల్బం రికార్డు చేసుకున్నాము. ఆ చెమ్మకు నా ఫిడేలు శ్రుతి నిలిచేది కాదు. సరిచేసి విల్లు ఎత్తేలోగా మళ్ళీ మారిపోయేది. మూడో రాత్రి మా గాయకుడి పాట ఒకటి ఎంతకీ నిలబడలేదు. అందరూ విసిగిపోయి టీ తాగుతూ ఉండగా నేను ఊరికే మోహనంలో చిన్న పలుకు ఒకటి వాయించాను, లెక్క పెడితే ఆరు క్షణాలు ఉంటుంది. అతడు కప్పు కింద పెట్టి "మళ్ళీ వాయించు" అన్నాడు. ఆ పాట విన్నవాళ్ళకు తరువాత మాటలు గుర్తుండేవి కావు, ఆ పలుకే గుర్తుండేది.

చివరి రోజున అతడు వంటింటి బల్ల మీద ఏ పాట ఎవరిదో నమోదు చేసే కాగితాలు పరిచి, పెన్ను పట్టుకుని, "ఈ పాటలో నీ వాటా ఎంత రాయమంటావు?" అని నన్ను అడిగాడు. అడగలేదని అబద్ధం చెప్పను, అడిగాడు. నాకంటే పన్నెండేళ్ళు చిన్నవాడు, అద్దె కట్టడానికి ఇబ్బంది పడుతున్నవాడు; నాకు నెల తిరిగేసరికి జీతం వస్తోంది. వాడి దగ్గర లెక్క మాట్లాడడానికి నోరు రాలేదు. "నీ పాటే కదా, నువ్వే రాసేసుకో, దానిదేముంది" అన్నాను. అతడు "గ్రాండ్" అన్నాడు, అంటే ఇక్కడ "సరే, బాగుంది" అని. మన మొహమాటమూ వీళ్ళ గ్రాండూ అక్కాచెల్లెళ్ళని నాకు ఆనాడు తెలియదు. రెండూ కలిసిన చోట కాగితం పుట్టదు.

రెండేళ్ళకు బృందం విడిపోయింది, గొడవేమీ లేకుండానే. 2011లో ఒక మధ్యాహ్నం ఆసుపత్రి విశ్రాంతి గదిలో అన్నం తింటూ ఉండగా టీవీలో ఒక ప్రకటన వచ్చింది. అందులో పాట లేదు, గాయకుడి గొంతు లేదు. నా ఆరు క్షణాల ఫిడేలు మాత్రమే ఉంది. ముద్ద నోట్లో అలాగే ఉండిపోయింది. పక్కన ఉన్న నర్సు ఆ రాగం కూనిరాగం తీయడం మొదలుపెట్టింది. అది నాదని ఆమెకు కూడా చెప్పలేకపోయాను. ఆ వేసవి అంతా ఆ ప్రకటన వస్తూనే ఉంది, నేను టీవీ ఆపుతూనే ఉన్నాను. అతడికి ఫోన్ చేసి ఒక్క మాట అడగలేదు. అడగకుండానే అతడిని దొంగను చేసి, మనసులో రోజూ విచారణ జరిపి, రోజూ శిక్ష వేశాను.

2014లో అతడి తల్లి చనిపోయింది. బృందంలో ఉన్న రోజుల్లో ఆమె ఇంట్లో ఎన్ని రాత్రులు పడుకున్నానో లెక్క లేదు. నేను మాంసం తిననని గుర్తు పెట్టుకుని, నాకోసం వేరే గిన్నెలో సూపు కాచేది. ఈ దేశంలో చావుకు వెళ్ళడం ఎంత ముఖ్యమో నీకు ఇంకా తెలియదు. పరిచయం ఉంటే చాలు, వరుసలో నిలబడి చెయ్యి పట్టుకుని ఒక మాట చెప్పి వస్తారు. ముప్పై కిలోమీటర్ల దూరం. నాకు ఆ రోజు సెలవు కూడా ఉంది. నేను వెళ్ళలేదు.

రెండేళ్ళ తరువాత రోషీన్ దువ్‌లో ఎవరిదో కచేరీలో అతడు ఎదురుపడ్డాడు. తప్పించుకునే దారి లేక మాట్లాడాను. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆ ప్రకటన సంగతి ఎత్తి అరిచాను కూడా. అతడు తెల్లబోయి, "నీకు వద్దన్నావు కదా, ఒక్క మాట అని ఉంటే మార్చేవాడిని కదా" అన్నాడు. నెల తిరగకుండా మార్చాడు కూడా. ఇప్పుడు ఆ పాటలో నాలుగో వంతు నాది. వచ్చిన మొదటి సొమ్ము 212 యూరోలు. దానితో ఏమి కొన్నానో గుర్తు లేదు. అతడి తల్లి సమాధి దగ్గరికి మాత్రం ఏటా వెళ్ళి వస్తున్నాను.

అందుచేత, తల్లీ, మొదటి రికార్డింగుకు ముందే, స్నేహం బాగా ఉన్నప్పుడే, నలుగురూ ఒక బల్ల చుట్టూ కూర్చోండి. ప్రతి పాటకూ మాటలు ఎవరివి, వరుస ఎవరిది, వాయిద్యం ఎవరు అల్లారు, ఎవరికి నూటికి ఎంత, రికార్డింగు సొంతదారు ఎవరు, ఒకరు మానేస్తే బృందం పేరు ఎవరికి చెందుతుంది, ఇంతే రాయండి. ఒక్క పేజీ చాలు. నాలుగు సంతకాలు, తేదీ. ఆ మాట ఎత్తగానే ముగ్గురూ కిటికీలోంచి వాన చూడడం మొదలుపెడతారు. నీకూ గొంతు ఎండిపోతుంది. "మా పెద్దమ్మ పట్టుబట్టింది, ఆవిడ మంచిది కాదు" అని నా మీద వెయ్యి. నేను మంచిదాన్ని అనిపించుకుని ఏమి బావుకున్నాను కనుక.

చెవుల సంగతి మరిచిపోయాను. మా డ్రమ్మర్ తాళాలు ఏడేళ్ళు నా ఎడమ చెవి పక్కనే మోగాయి. ఇప్పుడు ఆ చెవిలో రాత్రి పగలు కీచురాయి కూస్తూ ఉంటుంది, మందు లేదు. చెవికి అచ్చు తీసి చేసే ప్లగ్గులు ఈ వారమే చేయించుకో. డబ్బు నేను పంపిస్తాను, నలుగురికీ పంపిస్తాను.

ఇంకొకటి మరీ ముఖ్యం. కచేరీ అయ్యాక అర్ధరాత్రి వ్యాన్ ఎక్కి ఇంటికి బయలుదేరవద్దు. తడి రోడ్డు, నిద్ర కళ్ళు, "ఇంకో గంటే కదా" అనే మాట. ఆ తరువాత తెల్లవారుజామున నా వార్డుకు వచ్చేది ఎవరో నాకు తెలుసు, వాళ్ళ అమ్మలకు ఫోన్ చేసేది కూడా నేనే. మీ అమ్మకు అలాంటి ఫోన్ చేసే శక్తి నాకు లేదు. లిమరిక్‌లో పాడిన రాత్రి డబ్లిన్ వైపు వెళ్ళకుండా ఇటు రండి, గంటంబావు దారి. మేడ మీది గదిలో రెండు పరుపులు వేసి ఉంచుతాను, సోఫాలో ఒకరు, నువ్వు నా దగ్గర. పులిహోర కలుపుతాను. మీ డ్రమ్మర్‌కు వేరుశనగ పడదని ఎప్పుడో అన్నావు, అది నిజమేనా, ముందుగా చెప్పు.

ప్రేమతో,
పెద్దమ్మ